తడి మేకులు

“నేనే కొట్టాను” అన్నాడు మేస్త్రి, నాలుగోసారి.

“దేంతో?”

“సుత్తితో.”

“ఎన్ని దెబ్బలు?”

“ఒకటే.”

“తలకి ఎటువైపు?”

అంతవరకూ టకటకా వచ్చిన జవాబులు అక్కడ ఆగాయి. మేస్త్రి నా ముఖంలోకి చూశాడు. తర్వాత గోడ వైపు చూశాడు.

“ఎడమ వైపు.”

కాదు. కుడి చెవి పైన. ఆస్పత్రి కాగితం నకలు నా బ్యాగులోనే ఉంది. కొట్టినవాడికి ఎక్కడ కొట్టాడో తెలియకపోవడం నేనెక్కడా చూడలేదు.

శుక్రవారం, మధ్యాహ్నం పన్నెండున్నర, పోలీస్ స్టేషన్. పోలీసు కస్టడీ ఇవాళ్టితో అయిపోతుంది, నాలుగింటికి ఈయన్ని మళ్ళీ కోర్టుకి తీసుకెళ్తారు. అక్కడ కూడా ఇదే మాట అన్నాడంటే, అరవై ఆరేళ్ళ మనిషి ఇక జైలు నుంచి నడుచుకుంటూ బయటికి వస్తాడన్న నమ్మకం నాకు లేదు. ఈయన కూతురు బుధవారం ఉదయం నా డిటెక్టివ్ ఆఫీసుకి వచ్చి, కుర్చీలో కూర్చోకుండానే అంది. “మా నాన్న కొట్టలేదు. మీరు నిరూపించాలి.” అంతే. ఏడవలేదు, బతిమాలలేదు. ఆ పిల్ల తెగింపు నాకు నచ్చింది. అందుకే కేసు తీసుకున్నాను.

కేసు చూడబోతే చిన్నదే. పాత సామాన్ల షాపు ఒకటి. పాతవంటే మామూలు పాతవి కావు, వందేళ్ళవీ రెండొందల ఏళ్ళవీ అని చెప్పి అమ్మే సోఫాలూ, సెట్టీలూ, దివాన్లూ. షాపు వెనక గదిలో ఈ మేస్త్రి ముప్ఫై ఏళ్ళుగా వాటికి నవారు బిగించి, పీచు కూరి, గుడ్డ తొడుగుతున్నాడు. మంగళవారం మధ్యాహ్నం ఆ గదిలోనే షాపాయన తల పగిలి పడి ఉన్నాడు. అప్పటినుంచీ ఆస్పత్రిలో స్పృహ లేదు. రెండూ అయిదుకి పోలీసులకి ఫోన్ చేసింది మేస్త్రే. వాళ్ళొచ్చేసరికి సుత్తి ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడట.

“అయిందా మేడం?” అన్నాడు ఇన్‌స్పెక్టరు, గోళ్ళు చూసుకుంటూ. “ఒప్పుకున్నవాణ్ణి పట్టుకుని కాదంటావేంటి? నీకు వేరే పని లేదా?”

ఈ మనిషి గురించి ఒక ముక్క చెప్పాలి. పదకొండేళ్ళు నేనూ యూనిఫాం వేసుకున్నాను. ఒక రోజు దాన్ని పై అధికారి బల్ల మీద మడతపెట్టి ఉంచి బయటికి వచ్చేశాను. ఆ సాయంత్రమే నా కుర్చీలో కూర్చున్నవాడు ఇతను. అప్పటినుంచీ నేను ఎదురుపడితే చాలు, కుర్చీ ఇంకా వెచ్చగానే ఉందన్నట్టు నవ్వుతాడు. నాకు ఒళ్ళు మండిపోతుంది.

“సుత్తి తల బొటనవేలంత ఉంది” అన్నాను. “గాయం నాలుగు వేళ్ళ వెడల్పుంది. దాని అంచున వరసగా ఐదు చుక్కలున్నాయి. ఒక్క సుత్తి దెబ్బకి ఐదు చుక్కలెలా పడ్డాయి?”

“పడేటప్పుడు దేనికో తగిలుంటుంది.”

“దేనికి?”

“దేనికో.”

“సరే. ఎదురు కళ్ళద్దాల షాపావిడ వాంగ్మూలం నువ్వే తీసుకున్నావు కదా. ఒంటిగంటా పదికి రెండు మగ గొంతులు అరుచుకున్నాయి. ఒంటిగంటంపావుకి ధబ్బుమని చప్పుడు. ఇరవై నుంచి ముప్ఫై అయిదు దాకా సుత్తి చప్పుడు, దాంతోపాటే మేస్త్రి కేకలు. అవునా?”

“అవును. అయితే?”

ఇదిగో, ఇక్కడే నా తురుపు ముక్క ఉందనుకున్నాను. గొంతు సవరించుకున్నాను కూడా.

“సోఫాల మేస్త్రీలు మేకులు నోట్లో పెట్టుకుని పనిచేస్తారు. ఒక్కొక్క మేకునీ పెదాల మీదికి తెచ్చి, అయస్కాంతం సుత్తికి అందిస్తారు. నోటినిండా మేకులున్న మనిషి కేకలెలా వేస్తాడు? అంటే అరిచినవాడు ఒకడు, సుత్తి కొట్టినవాడు ఇంకొకడు.”

ఇన్‌స్పెక్టరు నన్ను జాలిగా చూశాడు. ఆ జాలి నేనింకా మరిచిపోలేదు.

“తాతా, పళ్ళు తియ్యి” అన్నాడు.

మేస్త్రి సిగ్గుపడుతూ నోట్లో చెయ్యి పెట్టి, పై సెట్టూ కింది సెట్టూ తీసి అరచేతిలో పట్టుకున్నాడు. కింది సెట్టు మధ్యకి చిట్లి ఉంది.

“పోయినేడు పళ్ళన్నీ పీకించుకున్నాడు. కట్టుడు పళ్ళకి మేకులు నిలవవు. అప్పట్నించీ నడుముకి రేకుడబ్బా కట్టుకుని, అందులోంచి తీసి కొడుతున్నాడు. ఆ డబ్బా నా బీరువాలో ఉంది, తెప్పించమంటావా? ఈ మనిషి నోట్లో మేకు పెట్టి ఏడాది దాటింది మేడం డిటెక్టివ్!”

పప్పులో కాలేశాను. అదీ పక్కనున్న కానిస్టేబుల్ నవ్వాపుకోలేక బయటికి వెళ్ళేంతగా.

అయినా నేను లేవలేదు. “ఆ సెట్టు ఎలా విరిగింది మేస్త్రీ?”

“కిందపడింది.”

“ఎప్పుడు?”

మేస్త్రి చిట్లిన సెట్టుని బొటనవేలితో తుడిచాడు.

“ధబ్బుమన్నాక షాపాయన స్పృహలో లేడు. మరి ఆ తర్వాత పదిహేను నిమిషాలు మీరు ఎవరి మీద అరిచారు?”

మేస్త్రి వేళ్ళు ఆ పళ్ళని గట్టిగా మూసేశాయి. “నేనే కొట్టానమ్మా” అన్నాడు, పళ్ళు లేని నోటితో. “నీకు దణ్ణం పెడతాను. దీన్ని కెలక్కు. వెళ్ళిపో తల్లీ.”

శిక్ష తప్పించమని బతిమాలే వాళ్ళని వందమందిని చూశాను. శిక్ష పడనివ్వమని బతిమాలే మనిషి నాకిదే మొదలు. నేను వెళ్ళిపోతానా? ఆ షాపుకే బయల్దేరాను.

*

రెండూ పదికి మా అత్తయ్య ఆరో సోఫా మీద కూర్చుని ఉన్నారు.

డిటెక్టివ్‌నంటే ఆ షాపులో గడప కూడా దాటనివ్వరు. షాపాయన బావమరిది ఇప్పుడు కౌంటర్లో ఉన్నాడు, నిన్న నన్ను తలుపు దగ్గరే ఆపేశాడు. అందుకని ఇవాళ కొనే మనిషిని వెంటబెట్టుకుని వచ్చాను, నన్ను గుర్తుపట్టినా బేరాన్ని వెనక్కి పంపలేడు. అత్తయ్యకి నటించడం రాదు, ఆ అవసరమూ లేదు. మా ఇంట్లో సోఫా స్ప్రింగు పోయిన నెల ఊడింది, అది ఎవరికి గుచ్చుకుందో ఆవిడకే తెలుసు. నిజంగానే కొనడానికి వచ్చారు. మేస్త్రి కూతురు కూడా మాతో వచ్చింది, నాన్న పనిముట్లు తీసుకెళ్తానని చెప్పి.

“మీకు సోఫా కావాలా, సెట్టీ కావాలా అమ్మా?” అన్నాడు బావమరిది, చేతులు రుద్దుకుంటూ. “సోఫాలో వాలిపోతారు. సెట్టీలో నిటారుగా కూర్చుంటారు. దాని దర్జానే వేరు.”

“నాకు దర్జా వద్దు నాయనా, నడుము నొప్పి రాకుండా ఉంటే చాలు” అన్నారు అత్తయ్య. “కూర్చుంటే రెండు పాదాలూ నేలకి ఆనాలి. చేతి ఊతం లేకుండా లేవగలగాలి. ఊఁ, ఇది పనికిరాదు. తిప్పండి.”

“తిప్పడమేంటమ్మా?”

“పైన పట్టుగుడ్డ ఎవరైనా వేస్తారు. తల్లకిందులు చెయ్యండి, అడుగు చూడాలి నేను.”

పాపం, బావమరిదీ, ఇద్దరు కూలీలూ ఆరు సోఫాలు తల్లకిందులు చేశారు. అత్తయ్య ప్రతిదాని అడుగూ డాక్టరులా తట్టి చూస్తున్నారు. నేనూ పక్కన వంగి చూశాను. అన్నిటికీ కింద నల్లటి అడుగు గుడ్డ, దాని అంచులెంబడి చిన్నచిన్న మేకులు. మూడింటికి మేకు చుట్టూ గోధుమరంగు మచ్చ ఉంది. మిగతా మూడింటికి లేదు.

“ఈ మచ్చలేంటి?” అనడిగాను మేస్త్రి కూతుర్ని.

“తుప్పు” అంది. “నోట్లోంచి వచ్చిన మేకు తడిగా దిగుతుంది. రెండు మూడు రోజులకి గుడ్డ మీద తుప్పు చుట్టుకుంటుంది. ఆ మూడూ నాన్న పళ్ళు పీకించుకోకముందువి. ఈ మూడూ తర్వాతవి.”

“అన్నిటికీ మీ నాన్నేనా కొట్టేది?”

“అడుగు గుడ్డ నాన్నే కొడతాడు. అది చివరి పని. ఇంకెవర్నీ ముట్టుకోనివ్వడు.” ఒక్క క్షణం ఆగింది. తర్వాత అత్తయ్య వైపు తిరిగింది. “అమ్మగారూ, లోపలి గదిలో ఏడోది ఉంది. అది మీకు సరిపోతుంది. రెండు పాదాలూ ఆనుతాయి.”

“అది అమ్ముడైపోయింది!” బావమరిది గొంతు పెద్దదైంది. “మూడింటికి వ్యాన్ వస్తోంది. అటు వెళ్ళకండి.”

అత్తయ్యకి వద్దన్న పని చెయ్యడమంటే మహా ఇష్టం. నలభై ఏళ్ళుగా మా ఇంట్లో అందరికీ తెలిసిన సంగతి ఇది, ఆ బావమరిదికి తెలియదు పాపం. ఆవిడ అప్పటికే లోపలి గదిలో ఉన్నారు.

గది మధ్యలో ముగ్గురు కూర్చునే సెట్టీ. ఆకుపచ్చ గుడ్డ, వీపు మీద చెక్కిన తీగలూ పూలూ. దాని వెనక కాళ్ళ దగ్గర నేల మాత్రం మిగతా నేలకన్నా తెల్లగా ఉంది. అక్కడ ఎవరో గట్టిగా కడిగారు. షాపాయన పడింది అక్కడే.

అత్తయ్య వెళ్ళి సెట్టీ మధ్యలో కూర్చున్నారు. పాదాలు ఆనాయి. లేచారు, మళ్ళీ కూర్చున్నారు. అటు చివరికి జరిగారు, ఇటు చివరికి జరిగారు.

“ఇది బావుంది” అన్నారు.

“రెండొందల ఏళ్ళ నాటిదమ్మా! అందుకే ముందే అమ్ముడైంది.”

“రెండొందల ఏళ్ళా? నాకు డెబ్బై ఒకటి. నేను లేస్తేనే మోకాళ్ళు కిర్రుమంటున్నాయి, ఇది కిక్కురుమనదేం?” అత్తయ్య చేతులానే చెక్క మీద అరచెయ్యి పెట్టి జరిపారు. “పాత కుర్చీకి మనిషి చెయ్యి ఎక్కడ ఆనుతుందో అక్కడే అరుగుతుంది. ఇది ఆ చివర్నుంచి ఈ చివరి దాకా సమంగా అరిగింది. జనం కూర్చుంటే అరిగింది కాదు నాయనా ఇది. ఎవరో కూర్చుని అరగదీశారు.”

బావమరిది ముఖం మాడిపోయింది. “మీరు ముందు లేవండి!”

“లేవను.”

“అమ్మా, అది వేరేవాళ్ళది!”

“ఇంకా వ్యాన్ ఎక్కలేదుగా. కొనేముందు గంటసేపైనా కూర్చోకపోతే నడుము సంగతి ఏం తెలుస్తుంది?”

అతను ఫోన్ తీసుకుని బయటికి పరిగెత్తాడు. ఎవరికి చేస్తాడో నాకు తెలుసు. నాకు మహా అయితే పది నిమిషాలు. అత్తయ్యని పైన కూర్చోబెట్టి, టార్చి పట్టుకుని సెట్టీ కింద వెల్లకిలా పడుకుని జరిగాను.

కుడివైపు మేకులు శుభ్రంగా ఉన్నాయి. ఎడమవైపూ అంతే. ముందువైపూ అంతే. వెనకవైపు చూశాను. ముప్ఫై ఎనిమిది మేకులు, వేలెడు దూరానికొకటి, దారం పట్టి కొలిచినట్టు. ప్రతి మేకు చుట్టూ గోధుమరంగు మచ్చ. ప్రతి మేకు పక్కనే ఒక ఖాళీ చిల్లు కూడా ఉంది. అంటే ఆ వైపు ఒకసారి కొట్టిన మేకుల్ని పీకి, గుడ్డ తెరిచి, మళ్ళీ కొట్టారు.

ఒంటిగంటా ఇరవై నుంచి ముప్ఫై అయిదు దాకా మోగిన సుత్తి ఇక్కడే మోగింది.

“బయటికి రా” అంది ఒక గొంతు. సెట్టీ కిందినుంచి నాకు పాలిష్ చేసిన బూట్లు కనిపించాయి. రెండూ నలభై.

*

“ఏంటిది?” అన్నాడు ఇన్‌స్పెక్టరు. “షాపు మేం నిన్ననే వదిలేశాం. వాళ్ళ సరుకు వాళ్ళిష్టం. పెద్దావిడా, లేవండి.”

“సరుకు చూసుకుంటున్నాను బాబూ” అన్నారు అత్తయ్య, కదలకుండా.

“పోలీసు పనికి అడ్డం వస్తున్నారు మీరు.”

“నువ్వు పోలీసు పని ఎక్కడ చేస్తున్నావు? వ్యాన్ ఎక్కించే పని చేస్తున్నావు.”

వెనక కానిస్టేబుల్ మళ్ళీ బయటికి వెళ్ళాడు. ఈసారి నవ్వు ఎవరిమీదో నాకు తెలుసు కాబట్టి హాయిగా అనిపించింది.

దుమ్ము దులుపుకుని లేచాను. “దీని అడుగు గుడ్డ వెనకవైపు విప్పి, మళ్ళీ కొట్టారు. తడి మేకులు. మంగళవారం మధ్యాహ్నం కొట్టినవే. లోపల ఏదో ఉంది.”

“ఉంటే? కొట్టింది మేస్త్రే కదా. మేకులు నోట్లో పెట్టుకుంటారని ఇందాక లెక్చరిచ్చింది నువ్వే.”

“మరి ఇందాక నువ్వేమన్నావు?”

అతను టోపీ తీసి చంకలో పెట్టుకున్నాడు.

“చెప్పు ఇన్‌స్పెక్టర్. నీ కానిస్టేబుల్ ముందే అన్నావు. ఈ మనిషి నోట్లో మేకు పెట్టి ఏడాది దాటిందన్నావు. పళ్ళు తీయించి మరీ చూపించావు. రేకుడబ్బా నీ బీరువాలోనే ఉందన్నావు. మూడువైపులా మేస్త్రి కొట్టిన పొడి మేకులున్నాయి, వంగి చూసుకో. నాలుగోవైపు ముప్ఫై ఎనిమిది తడి మేకులున్నాయి. అవి ఎవరి నోట్లోంచి వచ్చాయి?”

బయట వ్యాన్ హారన్ కొట్టింది. బావమరిది కూలీలని కేకేశాడు. ఇద్దరూ గుమ్మం దాకా వచ్చి, సెట్టీ మీద అత్తయ్యని చూసి ఆగిపోయారు.

“నాలుగింటికి నేనూ కోర్టుకొస్తున్నాను” అన్నాను. “ఐదు చుక్కల గాయం గురించి చెబుతాను. ఈ మేకుల గురించి చెబుతాను. ఆ తర్వాత, దగ్గరుండి ఈ సెట్టీని వ్యాన్ ఎక్కించింది ఎవరని మెజిస్ట్రేటు గారు అడుగుతారు. అప్పుడు నువ్వే చెప్పుకో.”

లోపల ఏమీ లేకపోతే నా గతేంటి? అయినా వెనక్కి తగ్గే ప్రసక్తి లేదు. ఆ కుర్చీలో ఉన్నప్పుడే తగ్గలేదు, లేచి వచ్చాక తగ్గుతానా?

ఇన్‌స్పెక్టరు నన్ను కొరికేసేలా చూశాడు. “విప్పండి” అన్నాడు చివరికి. “లోపల ఏమీ లేకపోతే నీ లైసెన్సు నా చేత్తో చింపుతాను.”

“ఇప్పుడు లేస్తాను” అన్నారు అత్తయ్య. “నువ్వు అడిగావని కాదు. మా కోడలికి కావాలి కాబట్టి.”

సెట్టీని ముందుకి పడుకోబెట్టారు. నల్లటి అడుగు గుడ్డ అందరికీ ఎదురుగా నిలబడింది.

“ఎవరు విప్పుతారు?” అన్నాడు ఇన్‌స్పెక్టరు. “గుడ్డ చిరగకూడదు, మేకు పోకూడదు.”

“నేను విప్పుతాను” అంది మేస్త్రి కూతురు.

నాన్న బల్ల మీదినుంచి మేకులు పీకే ఉలి తీసుకుని వచ్చి, మోకాళ్ళ మీద కూర్చుంది. ఉలిని మొదటి మేకు తల కిందికి పోనిచ్చి ఒక్క విసురు విసిరింది. మేకు ఊడి అరచేతిలో పడింది. దాన్ని నోట్లో వేసుకుంది.

రెండో మేకు. అదీ నోట్లోకే. మూడోది. నాలుగోది. చూడకుండానే, ఆలోచించకుండానే చెయ్యి పెదాలకి వెళ్ళివస్తోంది. టార్చి నా చేతిలో వెలుగుతూనే ఉంది, ఎటు చూపిస్తున్నానో నాకే తెలియదు.

బుధవారం నుంచి ఎంతమందిని ప్రశ్నించాను నేను? కళ్ళద్దాల షాపావిణ్ణి, బావమరిదిని, కూలీలని, ఆస్పత్రి నర్సుని. మంగళవారం మధ్యాహ్నం నువ్వెక్కడున్నావని ఈ పిల్లని ఒక్కసారైనా అడిగానా? నా ఎదురుగా నిలబడింది కదా, నా మనిషే అనుకున్నాను. కొత్తగా చేరిన కానిస్టేబుల్ కూడా చెయ్యని తప్పు అది.

పన్నెండో మేకుకి గుడ్డ వేలాడింది. ఆ పిల్ల లోపలికి చెయ్యి పెట్టి ఒక చెక్క బయటికి తీసి నేల మీద పెట్టింది. నవారుని లాగి బిగించే చెక్క. నాలుగు వేళ్ళ వెడల్పు, ఒక అంచున వరసగా ఐదు మేకు మొనలు. మొనల మీద నల్లగా ఎండిన మరక.

నేను టార్చిని సెట్టీ లోపలికి తిప్పాను. అడ్డచెక్క మీద పెన్సిలుతో ఒక పేరు రాసి ఉంది, కింద తేదీ. మూడు వారాల కిందటి తేదీ. పేరు మీదుగా ఉలితో గీరిన గాట్లున్నాయి, కానీ చదవడానికి వస్తోంది. ఆ పేరు నాకు తెలుసు. బుధవారం నా ఆఫీసులో ఈ పిల్ల అదే పేరుతో సంతకం చేసింది.

ఆ పిల్ల మేకులన్నీ అరచేతిలోకి ఊసి, ఆ చెక్క పక్కనే పెట్టింది. అప్పుడు మాట్లాడింది.

“నోరు విప్పనని నాన్న నా చేత ఒట్టేయించుకున్నాడు. డిటెక్టివ్‌ని పెట్టుకోనని మాత్రం వెయ్యలేదు.”

“నువ్వా?” అన్నాడు ఇన్‌స్పెక్టరు.

“నేనే. ఇక్కడ కనిపించే చెక్కపనంతా నాదే. పదేళ్ళుగా నాదే. షాపాయన వాటిని రెండొందల ఏళ్ళవని అమ్ముకుంటాడు. సరే, అమ్ముకోమన్నాను. నేను చేసినదాని మీద నా పేరు నేను రాసుకున్నాను, ఎవరికీ కనపడకుండా లోపల. కొన్నవాళ్ళెవరో రిపేరుకి విప్పారట, పేరు బయటపడింది. మంగళవారం ఉలి పట్టుకుని వచ్చి, దీని అడుగు గుడ్డ విప్పించి, గీకెయ్యమన్నాడు. నేను గీకనన్నాను. నాన్న అడ్డమొస్తే చెంప మీద కొట్టాడు. పళ్ళు ఊడి నేలమీద పడ్డాయి. వాటిని చూసి నవ్వాడు.”

నేల మీది చెక్క వైపు ఒకసారి చూసింది.

“నవ్వి, తనే వంగి నా పేరు చెక్కెయ్యడం మొదలుపెట్టాడు. చేతికి ఏది దొరికితే దాంతో కొట్టాను. తప్పు కాదని నేననను. నాన్న పోవే పోవే అని అరుస్తూనే ఉన్నాడు. నేను చెక్క లోపల పెట్టి మేకులు కొడుతూనే ఉన్నాను.”

అత్తయ్య వెళ్ళి ఆ పిల్ల భుజం మీద చెయ్యి వేసి నిలబడ్డారు.

ఇన్‌స్పెక్టరు ఫోన్ మోగింది. “ఊఁ” అన్నాడు. మళ్ళీ “ఊఁ” అన్నాడు. వింటున్నకొద్దీ అతని ముఖంలోకి రంగు తిరిగొచ్చింది. ఫోన్ జేబులో పెట్టుకుని నావైపు తిరిగాడు.

“ఆస్పత్రి నుంచి. ఆయనకి స్పృహ వచ్చింది. వాంగ్మూలం ఇచ్చాడు. మేస్త్రే కొట్టాడట, సుత్తితోనే. ఆ గదిలో ఇంకెవరూ లేరట. దెబ్బ తిన్నవాడూ అదే అంటున్నాడు, కొట్టినవాడూ అదే అంటున్నాడు. తండ్రి కోసం కూతురు అల్లిన కథ ఎవడు వింటాడు? నాలుగింటికి కోర్టు. పదండి.”

మేకులూ, చెక్కా, మరకా అన్నీ కళ్ళముందే ఉన్నాయి. అవన్నీ ఆ మేస్త్రి గదిలోవే, ఆ మేస్త్రి పనిముట్లే. దెబ్బ తిన్నవాడి మాట ముందు ఇవెంతసేపు నిలుస్తాయి?

మేస్త్రి కూతురు నవ్వింది. నేను ఆ పిల్ల నవ్వు చూడటం అదే మొదటిసారి.

“నా పేరు ఆయన చెప్పలేడు” అంది. “చెబితే నేనెవరో చెప్పాలి. ఈ షాపులో నేనేం చేస్తానో చెప్పాలి. ఆ ముక్క నోట్లోంచి వచ్చిందంటే ఒక్క సెట్టీ కూడా అమ్ముడుపోదు, అమ్మినవన్నీ వెనక్కొస్తాయి. దానికన్నా మా నాన్న జైలుకెళ్ళడమే ఆయనకి నయం.”

ఉలి పట్టుకుని లేచింది. ముందు గదిలోకి నడిచింది. ఇంకా తల్లకిందులుగానే ఉన్న మొదటి సోఫా దగ్గర కూర్చుని, ఈసారి మేకులు పీకలేదు. గుడ్డలోకి ఉలి దింపి ఈ చివర్నుంచి ఆ చివరికి చీల్చేసింది.

“ఏయ్, ఏయ్!” బావమరిది అడ్డం పరిగెత్తాడు. అత్తయ్య చేతిసంచీ అతని దారికి అడ్డంగా వచ్చింది. అది వెనక్కి పోలేదు.

నేను టార్చి పట్టుకున్నాను. అడ్డచెక్క మీద అదే పేరు, రెండేళ్ళ కిందటి తేదీ. రెండో సోఫా. అదే పేరు. మూడోదానికి బావమరిది గోడకి ఆనుకుని కూర్చుండిపోయాడు. నాలుగోదానికి కూలీలు తమంతట తామే వచ్చి సోఫాని గట్టిగా పట్టుకున్నారు, కదలకుండా.

ఆరూ అయ్యేసరికి మూడూ పది. ఇన్‌స్పెక్టరు గది మధ్యలో నిలబడి, చిరిగిన గుడ్డల్నీ కింద వరసగా ఉన్న రాతనీ చూస్తున్నాడు. కోపంతో నన్ను తిడతాడనుకున్నాను, తిట్టలేదు. చెడ్డ పోలీసేమీ కాదతను, బద్ధకస్తుడంతే. కానిస్టేబుల్ చేతిలోంచి కాగితం, పెన్నూ తీసుకున్నాడు.

“ఒకటి గుర్తుపెట్టుకో” అన్నాడు ఆ పిల్లతో. “నేనిది రాశానంటే మీ నాన్న సాయంత్రానికి ఇంటికొస్తాడు. నువ్వు రావు.”

“రాయండి.”

అతను కాగితం మీద పెన్ను ఆనించాడు. “పేరు?”

ఆమె ఉలితో ఆరు సోఫాల వైపూ చూపించింది.

“అడుగున రాసుంది” అంది. “చదువుకోండి.”